పిడికెడు మెతుకులతో కుక్కకు చదువు

మన గృహములలో గోవునకు పూజ గలదు, పిల్లికి పొయ్యిమూల గలదు. కుక్కకు మాత్రము వాకిలియు, మిగిలిన మెతుకులును, ఒక కఱ్ఱయు గలవు. ఈ మూటిలో మెతుకులు పెట్టునది గృహిణి. కఱ్ఱ పట్టునది తఱుచుగా పురుషుడు. కుక్కకు బుద్ధి నేర్పుట యనగా కఱ్ఱపని యనియే లోకమున వాడుక పడిపోయినది. మెతుకులతోనే ఆ పని యింతకంటె చక్కగా జరుగుననియు, వంటయింటి గడపలో నిలిచియే జరుపవచ్చుననియు సోదరీమణులకు విన్నవించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మనకు దాపుననే, ఇదే గోదావరి యొడ్డున, రాజమహేంద్రవరమున పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టారకుడు ఆంధ్ర మహాభారతమును ఆరంభించెను. అందు ఆదిపర్వమున కథ కదలుట ఒక కుక్కపిల్ల తిన్న దెబ్బలతో నని చదువరులలో కొందఱు మఱచియుందురు. జనమేజయుడు యాగము చేయుచుండగా దేవశునకి యగు సరమ కొడుకు ఆడుకొనుచు అచ్చటికి పోయెను. రాజు తమ్ములు వానిని కొట్టి తఱిమిరి. సరమ వచ్చి రాజు నెదుట నిలిచెను. తన బిడ్డ హవిస్సును నాకలేదనియు, దానివంక చూడనైనను లేదనియు, నేరము లేనివానిని కొట్టిన మీకు తలవని తలంపుగా భయము వచ్చుననియు చెప్పి వెడలిపోయెను. మేము చిన్ననాట తండ్రిగారి యొద్ద ఆ ఘట్టము చదివినపుడు అది శాపమని తలచితిమి. పెంపుడు కుక్కలున్న యిండ్లను చూచిన పిమ్మట అది యుత్త లోకానుభవమని తోచుచున్నది. ఏల కొట్టిరో తెలియని కుక్క, తలవని దినమున, తలవని వారిని కఱచును.

తిండి పెట్టి నేర్పుదమనగానే పెద్దలు చేయు ఆక్షేపణ యొకటి కలదు: “అది లంచము గదా! చేతిలో ముద్ద యున్నంతసేపే మాట వినును.” ఈ యాక్షేపణకును సరమ కథయే సమాధానము. పణులను వారు ఇంద్రుని గోవులను దాచిరి. వెదకుటకై ఇంద్రుడు సరమను పంపెను. ఋగ్వేదములోని సరమ వారి యాసమాటలకు లొంగలేదు. బృహద్దేవతయను ప్రాచీన గ్రంథమున కథ వేఱు విధముగా నున్నది. అందు సరమ పణులు పోసిన పాలు త్రాగి, తిరిగివచ్చి, గోవులను చూడలేదని యింద్రునితో బొంకెను. పనికి ముందుగా పోసిన పాలు లంచము. పని ముగిసిన పిమ్మట పోసిన పాలు జీతము. మన యిండ్లలో కుక్కకు నేర్పబోవువారు తఱుచుగా చేయునది మొదటిది. బిస్కత్తు చూపి, ఊపి, బ్రతిమాలి, అది వచ్చిన పిదప చేతిలో పెట్టుదురు. కుక్క నేర్చుకొన్న పాఠమేమి? బిస్కత్తు కనబడినయెడల పోవలెను, కనబడనియెడల పోనక్కఱలేదు. తప్పు తిండిది కాదు, తిండి కనబడిన వేళది.

పడమటి దేశపు శాస్త్రజ్ఞులు ఈ వేళను గూర్చియే మిక్కిలి శ్రమించిరి. రష్యాదేశమున పావ్లోవు పండితుడు జీర్ణక్రియను పరిశోధించి 1904లో నోబెలు బహుమానము పొందెను. ఆయన యొద్ద నున్న కుక్కలకు ఆహారము నోట పడకముందే, దాని వెంట వచ్చు చప్పుడులకే నోరూరుచుండెను. ఇది చూచుటకు మనకు ప్రయోగశాల యక్కఱలేదు. మా మురమళ్ళలో వీరేశ్వరస్వామివారికి నిత్యకల్యాణము గదా! స్వామి కల్యాణమునకు వచ్చు బంధుజనముతో మా వీధి యిండ్లలో తఱుచుగా పంక్తులు సాగుచుండును. విస్తళ్ళెత్తు గలగల వినబడుటే తడవుగా ఎక్కడెక్కడి కుక్కలును పెరటిదారిని చేరును. ఆ గలగలయే వానికి అన్నము.

అమెరికాలో థారన్‌డైకు 1898లో పిల్లులను గడియగల పెట్టెలలో నుంచి, వెలుపల ఆహారము పెట్టి చూచెను. మొదట అవి గోడలన్నియు గీఱును. దైవికముగా గడియ తగిలి తలుపు తెఱచుకొనును. మాఱుమాఱునకు పనికిరాని గీఱుడు తగ్గి, గడియ మీదికే పంజా పోవుట హెచ్చెను. ఏ చేష్ట వెంట సుఖము వచ్చునో ఆ చేష్ట నిలుచు నని ఆయన తేల్చెను. అటుపిమ్మట స్కిన్నరు మొదలగువారు దీనిని శాస్త్రముగా పెంచిరి. మనకు కావలసిన దింతియే. కుక్క మంచిపని చేసిన క్షణమునకును, ముద్ద నోట పడు క్షణమునకును నడుమ ఎడము ఎంత తక్కువ యైన నంత మేలు. రెప్పపాటు మించినయెడల అది వేఱొక పనికి కూలి యగును. కూర్చున్న కుక్కకు, మీరు లోనికి పోయి డబ్బా మూత తీసి తెచ్చులోపల, లేచి మొఱిగినయెడల, మీరు పెట్టిన ముద్ద మొఱుగుటకే చెల్లినది.

అందుచేత ఒక చిన్న యుపాయము చేయుదురు. ముద్దకు ముందుగా ఒక మాటను నిలుపుదురు. మా యింట ఆ మాట “భళి”. మరి యే మాటయైనను తగును గాని అది చిన్నదిగను, ఇతర సమయముల వాడనిదిగను ఉండవలెను. మొదటి దినమున పనియేమియు చెప్పక, “భళి” యని యొక చిన్న ముక్క, మరల “భళి” యని యొక ముక్క, పది పదునైదు మాఱులు పెట్టుదురు. ఆ మాట వినగానే కుక్క తల త్రిప్పి మన చేతివంక చూచిన దనగా ఆ మాటకు ముద్ద విలువ వచ్చిన దన్నమాట. ఇక కుక్క దూరముగా నున్నను, చేయి అందకున్నను, సరియైన క్షణమున “భళి” యనవచ్చును; ముద్ద రెండు క్షణములు ఆలస్యమైనను బాధ లేదు. “భళి” యన్న పిదప మాత్రము ముద్ద ఎగవేయరాదు. ఇచ్చిన మాట తప్పు యజమానుని యొద్ద పాలేరు నిలుచునా? కుక్క యంతియే.

కూర్చుండుటను నేర్పు క్రమము చెప్పెదము. తక్కిన పాఠములన్నియు దీని పోలికనే యుండును. భోజనవేళకు ముందు, కుక్క ఆకలిగొనియుండగా, జనసమ్మర్దము లేని వసారాలో నిలువుడు. సెనగగింజంత ముక్కను వ్రేళ్ళ నడుమ పట్టి కుక్క ముక్కు దగ్గఱ నుంచి, మెల్లగా దాని తలమీదుగా వెనుకకు కదపుడు. ముక్కు పైకి లేచిన కొలది నడుము క్రిందికి దిగును. నడుము నేల తాకిన ఆ క్షణముననే “భళి”, వెంటనే ముక్క. ఇట్లు అయిదాఱు మాఱులు చాలును. ఏడవమాఱు చేతిలో ముక్క లేకుండ, అదే విధముగా చేయి కదపుడు. కూర్చున్నచో “భళి” యని, ముక్కను రెండవచేతినుండి ఇండు. లంచము జీతముగా మాఱునది ఇచ్చటనే. పలువురు ఈ మెట్టు ఎక్కక క్రిందనే నిలిచిపోవుదురు. చేతి సైగ కుదిరిన పిమ్మట సైగకు ముందుగా “కూర్చో” యను మాటను చేర్పవలెను. రోజునకు రెండుమాఱులు, ఒక్కొక్కమాఱు అయిదు నిమిషములకు మించరాదు. కుక్క యింకను కావలెనని చూచుచుండగనే పాఠము ముగింపవలెను.

ఇంటిల్లిపాదియు ఒక్కటే మాట వాడవలెను. అత్తగారు “కూకో” యని, బడిపిల్లలు “సిట్” అని, ఇంటాయన “ఉండరా” యని మూడు భాషల నాజ్ఞాపించి, కుక్కకు బుద్ధి లేదందురు. ఆ మూడింటి నడుమ మనకైనను బుద్ధి నిలుచుట కష్టమే. “రా” యను మాటను గూర్చి యొక జాగ్రత్త గలదు. పిలిచినపుడు వచ్చిన కుక్కను తిట్టుటగాని, గొలుసు వేయుటగాని, చన్నీళ్ళు పోయుటగాని ఎన్నడును చేయరాదు. అట్టి పనులకు మనమే దానియొద్దకు పోవలెను. “రా” యనిన వెంట ఎల్లప్పుడును మంచియే రావలెను. ఆ మాటయే యొకనాడు దానిని లారీ చక్రము క్రిందనుండి తప్పించును.

పాఠము కుదిరిన పిమ్మట ప్రతిమాఱును ముక్క పెట్టనక్కఱలేదు. ఒకసారి రెండుమాఱులకు, ఒకసారి అయిదుమాఱులకు, మరల వెంటనే. ఎప్పుడు వచ్చునో తెలియని బహుమానమునకు ఆశ ఎక్కువ. లాటరీ చీటీలు కొనువారిని చూచిన సోదరీమణులకు దీనికి వేఱు నిదర్శన మక్కఱలేదు. కాని పాఠము నేర్చుచున్న దినములలోనే ముక్కలు తగ్గించినయెడల కుక్క విసిగి మానివేయును. కష్టమైన పనికి మంచి ముక్కయు, సులువైన పనికి సామాన్యపు ముక్కయు నీయవలెను. ఎదుట మేకల మంద పోవుచుండగా పిలిచిన వెంటనే వెనుదిరిగి వచ్చిన కుక్కకు చప్పటి మెతుకు పెట్టుట పిసినితనము.

ఇక వంటయింటి విషయము. ఈ విద్యకు వేఱుగా ఖర్చు లేదు. రేపుమాపు పళ్ళెములో ఊరక పోయు అన్నములోనుండియే పాఠపు భాగమును తీసియుంచవలెను. పెరుగన్నమును గట్టిగా కలిపి సెనగగింజలంత ఉండలు చేయవచ్చును. శాకాహారుల యిండ్లలో ఉడికించిన చిలగడదుంప, ఉప్పులేని పన్నీరు, ఇడ్లీ తునుక, మన సీమలో లోటులేని కొబ్బరి చిన్నముక్కలు పనికివచ్చును. కొబ్బరిలో క్రొవ్వు హెచ్చు గనుక దానిని మితముగనే వాడవలెను. మాంసము వండు యిండ్లలో ఉప్పు కారము తగులకముందు తీసిన ఉడికిన కోడిమాంసపు పీచును, ఉడికిన గ్రుడ్డు తునుకయు కుక్కకు పరమాన్నముతో సమానము. బహుమానముగా నిచ్చు చిరుతిండి అంతయు కలిపి దినాహారములో పదియవ వంతు మించరాదని వైద్యులు చెప్పుదురు. ముక్క పెద్దదైన నేర్పు పెరుగదు, పొట్ట పెరుగును. ముద్దంత పెట్టినయెడల అది నమలుచు నమలుచు చెప్పినది మఱచిపోవును.

పెట్టకూడనివి చెప్పుట యింతకంటె ముఖ్యము. ద్రాక్షయు, ఎండుద్రాక్షయు కుక్క మూత్రపిండములను చెఱచును. కొద్దిపాటియే కొన్నిటికి ప్రాణాంతకము. చక్రపొంగలిలోను, పరమాన్నములోను ఎండుద్రాక్ష యుండును గనుక ప్రసాదము మిగిలినదని భక్తితో పెట్టరాదు. నీరుల్లియు, వెల్లుల్లియు, పచ్చివైనను వండినవైనను, దాని రక్తమును చెఱచును. కావున పులుసు కలిపిన యన్నము, కూర మిగులు, ఉల్లిగారె పనికిరావు. చాకొలెట్టు విషము. చక్కెరలేని చూయింగు గమ్ములలోను, కొన్ని మిఠాయిలలోను కలుపు జైలిటాలను తీపి అంతకంటె ఘోరమైన విషము. వండిన యెముకలు చీలికలై గొంతునను ప్రేగులయందును గ్రుచ్చుకొనును. చేపముండ్లును అంతియే. పులస వచ్చు దినములలో మెత్తని భాగమును మనము తిని, లెక్కలేని యాముండ్లను కుక్కకు విడుచుట మన సీమ వాడుక. అది దయ కాదు. పాలు కొన్ని కుక్కలకు విరేచనములు చేయును, పెరుగు మేలు. సంక్రాంతికి మా ప్రాంతమున పందెపు కోళ్ళకు, చట్టము వలదన్నను, బాదములును జీడిపప్పును లెక్కించి మేపువారు కలరు. కోడి చచ్చుటకు అంత శ్రద్ధ వహించు ఆ యిండ్లలోనే వాకిటికుక్కకు ఏమి పడునో చూచువారు లేరు.

ఇంతవరకు చెప్పినది వినోదముగా తోచవచ్చును. ప్రాణముతో ముడిపడిన విషయ మొకటి కలదు. మా వీధిలో ఒక యింట మోతీ యను రెండేండ్ల నాటుకుక్క యున్నది. నెమ్మదియైనదే గాని పళ్ళెము ముందున్నపుడు ఎవ్వరును దగ్గఱకు రాగూడదు. ఆ యింట ఏడాది దాటిన బిడ్డ నడక నేర్చి, ఒక సాయంకాలము తప్పటడుగులతో ఆ పళ్ళెమువైపు పోయెను. మోతీ తినుట మాని, బిఱ్ఱబిగిసి, పెదవి యెత్తి గుఱ్ఱుమనెను. బిడ్డ తండ్రి కఱ్ఱ తీసికొని చావగొట్టెను. గుఱ్ఱుమన్నప్పుడెల్ల కొట్టగా పది దినములలో గుఱ్ఱుమనుట మానినది. ఇంటివారు బుద్ధి వచ్చినదని సంతసించిరి.

ఆ యింటి కోడలు మా యొద్దకు వచ్చి, “అక్కయ్యగారూ, ఇప్పుడు గుఱ్ఱుమనుట లేదండీ, కాని పిల్ల అటు వెళ్తే చాలు, మెడ బిగబట్టి కనుకొనలనుంచి చూస్తుంది. నాకు ఇదివరకటికన్న ఎక్కువ భయంగా ఉంది,” అని చెప్పెను. ఆమె చూపు మిక్కిలి సూక్ష్మమైనది. గుఱ్ఱుమనుట కుక్క చెప్పు హెచ్చరిక. ఆ హెచ్చరికను కొట్టి మాన్పినయెడల లోపలి భయము పోదు, హెచ్చరిక మాత్రమే పోవును. అటుపిమ్మట కఱచుటయే మిగులును. అత్తగారు, “ఎదుర్లంక వారధి దాటించి యానాములో వదిలి వస్తే సరి, ఏ కాకా హోటలు ముందో బ్రతుకుతుంది,” అనుచుండెను. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును దిక్కులేక విడుచుట 1960నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. అదియు గాక, మన బిడ్డకు తప్పిన గండము యానాములో వేఱొకరి బిడ్డకు చుట్టుకొనును.

మేము ఆమెకు చెప్పినది పశువైద్యులును శిక్షకులును అంతట చెప్పుచున్న క్రమమే. మొట్టమొదట, కుక్క తినుచోటికిని బిడ్డ తిరుగుచోటికిని నడుమ అడ్డుతలుపు. బిడ్డను ఈ పాఠములోనికి ఎన్నడును దింపరాదు. పెరటిలో మోతీకి చప్పటి అన్నము పెట్టి ఆమె దూరముగా నిలువవలెను. ఎంత దూరమనగా, దాని మెడ బిగియక, తోక సడలియుండి, తినుట ఆగనంత దూరము. అచ్చటినుండి ఉడికిన గ్రుడ్డు తునుక నొకదానిని పళ్ళెమువైపు విసరి, మాటాడక వెనుదిరిగి పోవలెను. మఱునాడును అంతియే. మనిషి దగ్గఱకు వచ్చుట యనగా పళ్ళెము పోవుట కాదు, పళ్ళెములోనికి మేలైనది వచ్చుట యని దానికి తెలియవలెను. అన్నము తినుచుండగా పళ్ళెము లాగికొని “నేను యజమానిని” అని చూపుమని చెప్పు వారు నేటికిని కలరు. మన విస్తరిని నడిపంక్తిలో ఎవరైన లాగినయెడల మనకు వారియెడ భక్తి పుట్టునా?

మొదటి వారమున ఆమె పది యడుగుల దూరము తగ్గలేదు. రెండవ వారమున మోతీ ఆమె అడుగు చప్పుడునకు తల యెత్తి, తోక యాడించి, గ్రుడ్డు వచ్చునా యని చూడసాగెను. మూడవ వారము నడుమ ఒకనాడు మరల బిగిసినది. ఆమె మేము చెప్పినట్లు రెండడుగులు వెనుకకు తగ్గి, అచ్చటినుండి మరల మొదలిడెను. ఇట్టి చోట తొందర పనికిరాదు. రెండు నెలలు గడచుసరికి ఆమె వంగి, పళ్ళెములో చేతితో తునుక వేయుచుండగా మోతీ ప్రక్కకు జరిగి చోటిచ్చుట మేము కన్నులార చూచితిమి. కఱ్ఱ పట్టిన ఇంటాయన మొదట, “తిండికి అమ్ముడుపోయిన కుక్క,” అని నవ్వెను. ఆయనను చూచిన మోతీ మాత్రము చాలదినములు పళ్ళెము విడిచి చూరుక్రిందికి తప్పుకొనుచునే యుండెను. ఆయన కది మనసున తగిలినట్లున్నది. ఒకనాటి యుదయమున గ్రుడ్డు వొలిచి తానే తీసికొనిపోయెను. ఆయన వంతు పాఠము ఇంకను సాగుచున్నది. అడ్డుతలుపు తీయలేదు, తీయవలదనియే మేము చెప్పితిమి. ఎంత నేర్చిన కుక్కయైనను పసిబిడ్డతో ఒంటిగా విడువదగదు. ఇదివరకే కఱచిన కుక్క విషయమున ఈ క్రమమును తమంత తాము మొదలిడక, ముందుగా పశువైద్యునికి చూపవలెను.

ఇచ్చటనే మఱియొక మాట. పెంచు కుక్కకు ఏటేట ఉన్మాదరోగపు టీకా వేయింపవలెను. ఏ కుక్క కఱచినను, గోరు గీచినను, పసరులు, కారము పూయక, సబ్బుతోను ధారగా పాఱు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఆ రోగము లక్షణములు కనబడిన పిమ్మట మనుష్యుడు బ్రతుకుట దాదాపు లేదు. లక్షణములకు ముందు టీకా వేసినయెడల ప్రాణము దక్కును.

దండనకును బహుమానమునకును భేదము ఇంటివారి తలపు మాత్రమే కాదు. 2020లో పోర్చుగలు దేశపు పరిశోధకులు 92 పెంపుడు కుక్కలను పరీక్షించి ప్రకటించిరి. దండనతో నేర్పు పాఠశాలలలోని కుక్కల లాలాజలమున, ఒత్తిడిని తెలుపు కార్టిసాలను రసము పాఠము తరువాత ఎక్కువగా పెరుగుట కనబడెను. హైదరాబాదు చెంత మొయినాబాదులో పోలీసు జాగిలములకు శిక్షణ యిచ్చు సంస్థ యున్నది. లోకమున వాసన పసిగట్టు జాగిలములలో అనేకమునకు తిండికి మాఱుగా బంతియే బహుమానము. ప్రేలుడు మందు కనిపెట్టిన వెంటనే బంతి దొరకును, దానితో ఆడుకొనును. అదియే దాని జీతము. కావున తిండియొక్కటియే సాధన మని మేమనము. కలకత్తా ప్రాంతమున వీధికుక్కలపై జరిపి 2017లో ప్రకటించిన పరిశోధనలో, క్రొత్తవారు దినదినము ఆహారము పెట్టుటకంటె తల నిమురుట వలన వాని నమ్మకము ఎక్కువగా పెరిగినట్లు తేలెను. “భళి” యనుచు ముద్ద నిచ్చు చేయి, మెడ క్రింద నిమురుటకును రావలెను.

తిండి బలమునకు ఒక హద్దు కలదని కూడ చెప్పవలెను. అమెరికాలో బ్రెలండు దంపతులు 1947లో జంతుశిక్షణమునే వ్యాపారముగా పెట్టి, ఆహారపు బహుమానముతో కోళ్ళకును పందులకును వింత విద్యలు నేర్పిరి. వారే 1961లో తమ యనుభవమును వ్రాయుచు, కొయ్యనాణెములను తెచ్చి డబ్బాలో వేయుట నేర్చిన పంది కొన్ని వారములకు ఆ నాణెములను నేలపై పడవేసి ముట్టెతో త్రవ్వసాగె ననిరి. బహుమానము ఎదుట నున్నను జాతిగుణము గెలిచినది.

మన తీరమున ఇందుకు జోనంగి కుక్కలు నిదర్శనము. పొట్టి వెండ్రుకలు గల ఈ జాతి కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాచుటకు ప్రసిద్ధి కెక్కినది. ఇది మొఱుగుట యరుదు. ఒక విధమైన రాగము తీయును. బాతుల పెంపకము తగ్గి చెఱువులలో చేపలు, రొయ్యలు వచ్చిన పిమ్మట వీనికి పనిపోయి, పలుచోట్ల దిక్కులేనివయ్యెను. నేల త్రవ్వి గుంటలు చేసికొనుట వాని స్వభావము. జోనంగి పోలికలు గల కుక్కను పెంచు మా బంధువు లొకరు, “కూర్చుంటుంది, పిలిస్తే వస్తుంది, పెరట్లో కనకాంబరాల మడులు త్రవ్వడం మాత్రం మీ గ్రుడ్డుకీ పన్నీరుకీ మానలేదమ్మా,” అని కబురు పంపిరి. దానికి మేము వ్రాసినది ఇంతియే: మానదు. పెరటి మూల నాలుగడుగుల మేర గోదావరి యిసుక పోయించి, అందులో సగము లోతున చిలగడదుంప ముక్కలు నాలుగు పాతిపెట్టుడు. ఆ మూల త్రవ్వినప్పుడెల్ల “భళి” యనుడు. మడుల చుట్టు తాటియాకు దడి కట్టుడు.